గీత లేని లైన్లు

మా అమ్మ మాటలు నా ఫోన్‌లో నోట్స్‌లో ఉంటాయి. నాలుగేళ్ళకి పైగా రాసుకుంటున్నాను. సాయంత్రం ఆరున్నరకి అమ్మకి ఫోన్ చేస్తానా, మాటల్లో ఏదైనా పాత మాట చెవిన పడితే ఫోన్ పెట్టేశాక ఒక లైన్ ఎక్కిస్తాను. కుదురు, దాలి, పొంత, తలుగు, గోలెం, చూరు... ఇలాంటివి. మాట రాసి, పక్కన చిన్న గీత పెట్టి, అమ్మ చెప్పిన అర్థం, చివర తేదీ. అంతే.

ఇదేదో ఘనకార్యం అనుకుని మొదలుపెట్టలేదు. బి.ఏ. తెలుగు చదివినప్పుడు మా కాలేజీ లైబ్రరీలో భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తి పదకోశం చూశాను. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వేసిన మొదటి సంపుటం, వ్యవసాయ పదాలది. చేనేత పదాల సంపుటం 1971లో వచ్చింది. మా నాన్న నోట్లో రోజూ నలిగే మాటలకి పుస్తకంలో చోటుందని అప్పుడే తెలిసింది నాకు. అప్పటిదాకా అవి పల్లెటూరి మాటలని, కాలేజీలో పొరపాటున కూడా నోరు జారకూడదని జాగ్రత్తపడేదాన్ని. ఆ సిగ్గు బాకీ ఇప్పుడు తీర్చుకుంటున్నానేమో.

సరే, పోయిన సంక్రాంతి తర్వాత ఒక సాయంత్రం మాటల్లో నేనే అన్నాను, "దాలి మీద కాగిన పాలలాగా ప్యాకెట్ పాలు ఎక్కడుంటాయమ్మా" అని. అమ్మ ఒక్క క్షణం ఆగి, "దాలి అంటే ఏంటే?" అంది.

వేళాకోళం చేస్తోందనుకున్నాను. కాదు.

గుంట తవ్వి, పిడకలు పేర్చి, కుండలో పాలు పెట్టి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సన్నసెగ మీద ఎర్రగా కాగనివ్వడం, ఆ మీగడ కోసం నేనూ అన్నయ్యా కొట్టుకోవడం, ఇవన్నీ నాకు చెప్పిందే తను. నేను చెప్పాక "ఆఁ, అదా" అంది. గుర్తొచ్చి అందో, నా గొంతు విని అందో తెలీదు. డాక్టరు గారు వయసుతో వచ్చే మరుపే అన్నారు, మందులు రాశారు. అమ్మకి డెబ్భై ఆరు.

ఆ రాత్రి నోట్స్ తెరిచి చూశాను. 1140 లైన్లు. ఒక వరసా వావీ లేదు. వీటన్నిటినీ అకారాది క్రమంలో పెట్టి, పెద్ద అక్షరాలతో ప్రింటు తీసి, అమ్మ చేతిలో పెట్టాలనిపించింది. తన మాటలు తనే చదువుకుంటుంది. మరిచిపోతే వెతుక్కుంటుంది. అదీ ఆలోచన.

నోట్స్ మొత్తం నాకు నేనే మెయిల్ చేసుకుని, మావారి పాత ల్యాప్‌టాప్‌లో టెక్స్ట్ ఫైలుగా దాచాను. చేత్తో సరిచేయడం మొదలుపెట్టాను. గీత తీసి రెండు చుక్కలు పెట్టడం, తప్పులు దిద్దడం, లైన్ కత్తిరించి దాని అక్షరం దగ్గరికి మోసుకెళ్ళడం. రోజుకి 60 లైన్లు అయ్యేసరికి మణికట్టు పీకేది. మావారు "ఎక్సెల్‌లో పెట్టుకోరాదూ" అన్నారు. ఆయనకి ఎక్సెల్ ఉంటే చాలు, ఉప్పు డబ్బా కూడా అందులోనే వెతుకుతారు.

మూడో రోజు మా అబ్బాయికి చెప్పాను. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం, హాస్టల్లో ఉంటాడు. "అమ్మా, చేత్తో చేస్తున్నావా! పైథాన్‌లో పది లైన్లు రాస్తే అయిపోతుంది" అన్నాడు.

"అయితే రాసిపెట్టరా నాన్నా."

"పరీక్షలయ్యాక."

వాడి పరీక్షలు ఎప్పుడయ్యాయి కనక! రెండు వారాలు చూశాను. ఆఖరికి "నువ్వు రాయక్కర్లేదు, ఎలా రాయాలో చెప్పు" అన్నాను. వాడు నవ్వాడు. నవ్వితే నాకు పంతం. సత్యనారాయణ వ్రతం కథ ఐదు అధ్యాయాలూ చూడకుండా చెప్పగలను, పది లైన్లు రాయలేనా?

పైథాన్ అంటే కొండచిలువ కదా అనుకున్నాను. ఆ పేరు పాముది కాదట, మాంటీ పైథాన్ అని ఇంగ్లండులో ఒక హాస్య కార్యక్రమం ఉండేదట, దానిదట. చేసినాయన గీడో వాన్ రోసమ్, 1991లో బయటికి వదిలాడట. ఉచితమే. ల్యాప్‌టాప్‌లో ఎక్కించడానికి పావుగంట పట్టింది, అందులో పది నిమిషాలు నా కళ్ళజోడు వెతకడానికి.

అబ్బాయి వీడియో కాల్‌లో చెప్పింది ఇదీ. ఫైలు తెరువు. ఒక్కో లైనూ తీసుకో. గీత దగ్గర రెండు ముక్కలు చెయ్యి. ముందు ముక్క, రెండు చుక్కలు, వెనక ముక్క, అలా కలిపి వేరే ఫైలులో రాయి. మళ్ళీ తర్వాతి లైన్. చెప్తుంటే బీరకాయ తరగడం లాగే ఉంది. ఒక కాయ ఎలా తరగాలో చెప్తే చాలు, బుట్టెడు కాయలూ అదే తరుగుతుంది.

నడిపితే ఎర్రక్షరాలు. ఏదో 8డి అనే బైటు, 8వ స్థానంలో ఉందట, దాన్ని చదవలేనంటోంది. నాకేం అర్థం కాలేదు. అబ్బాయి "ఓ, ఎన్‌కోడింగ్ చెప్పలేదు కదూ" అని ఒక ముక్క చేర్పించాడు, యూటీఎఫ్-8 అని. పనిచేసింది. వాడు అక్కడితో వదిలేసేవాడే, నేను వదల్లేదు. ఎందుకు ఆగిందో చెప్పమన్నాను.

నా ఫైలులో మొదటి మాట కవ్వం. తెలుగు అక్షరం ఒక్కోటీ యూటీఎఫ్-8 పద్ధతిలో మూడేసి బైట్లుగా ఫైలులో ఉంటుందట. మనం చెప్పకపోతే విండోస్‌లో పైథాన్ దాన్ని ఒక పాత పట్టిక ప్రకారం చదువుతుంది. పశ్చిమ యూరప్ భాషల కోసం చేసిన పట్టిక అది. ఒక్కో బైటుకీ ఒక గది, మొత్తం 256 గదులు, అందులో 5 ఖాళీ. 'క' మూడు బైట్లూ ఏవో పిచ్చి అక్షరాలుగానైనా చదివేసింది. 'వ' కూడా దాటింది. ఆ తర్వాత వచ్చేది పొల్లు. పొల్లు మూడో బైటు సరిగ్గా ఖాళీ గదిలో పడింది. సున్నా నుంచి లెక్కపెడితే అది 8వ స్థానం. అక్కడ చేతులెత్తేసింది.

పొల్లు! మనం వత్తు రాసేటప్పుడు పొల్లు కనపడదు. కానీ లోపల అదొక విడి అక్షరంగా కూర్చుని ఉంటుంది. వ, పొల్లు, వ, సున్నా. నాకు మా తెలుగు లెక్చరర్ గారు హల్లుకి ప్రాణం అచ్చు అని బోర్డు మీద రాసి చూపించింది గుర్తొచ్చింది. "అమ్మ" అనే మాటలో ఎన్ని అక్షరాలున్నాయో లెక్కపెట్టమంటే పైథాన్ 4 అంది. అ, మ, పొల్లు, మ. తెలుగు అన్నా 6 అంది, ఎత్వానికీ కొమ్ములకీ విడివిడిగా లెక్క. ఒకటో తరగతి పిల్లవాడు కూడా రెండూ మూడూ అంటాడు. కానీ వ్యాకరణం ప్రకారం చూస్తే దానిదీ తప్పనలేం. ఆ రోజు వంట ఆలస్యమైంది.

మర్నాడు నా అంతట నేనే ఇంకాస్త మెరుగు చేద్దామని కూర్చున్నాను. కొత్త ఫైలు ఎందుకు, ఉన్నదాన్లోనే మార్చెయ్యమందామని చదివే ఫైలుకీ రాసే ఫైలుకీ ఒకే పేరు ఇచ్చాను. నడిపాను. తప్పేమీ చూపించలేదు. ఫైలు తెరిస్తే తెల్లగా ఉంది.

రాయడానికి ఫైలు తెరవమంటే అది ముందు చేసే పని ఉన్నదంతా తుడవడం. పలక తుడిచి ఇచ్చినట్టు. ఆ తర్వాత చదవబోతే అక్కడేముంటుంది, నా మొహం? అసలు నోట్స్ ఫోన్‌లో ఉన్నాయి కాబట్టి బతికిపోయాను. కానీ మూడు రోజులు మణికట్టు నొప్పితో దిద్దిన 180 లైన్లు పోయాయి. ఫోన్‌లో ఉన్నాయని గుర్తొచ్చేలోపు ఆ అర నిమిషం నా గుండె ఎలా కొట్టుకుందో చెప్పలేను. దాలి అంటే ఏంటే అన్నప్పుడూ అలాగే కొట్టుకుంది.

అప్పటినుంచి అసలు ఫైలు జోలికి పోలేదు. ఇన్‌పుట్ వేరు, అవుట్‌పుట్ వేరు, ఇంకో నకలు మెయిల్‌లో.

తర్వాతివి చిన్న చిన్న చిక్కులు. అర్థంలో కూడా "రెండు-మూడు రోజులు" లాంటి గీతలుంటే లైను మూడు ముక్కలయ్యేది. మొదటి గీత దగ్గరే విడగొట్టమనడానికి స్ప్లిట్ అనే మాట పక్కన బ్రాకెట్లో 1 అని చేరిస్తే సరిపోయింది. కొన్ని చోట్ల ఫోను తనకి తోచినట్టు పొడుగు గీత వేసింది. మన కంటికి రెండూ గీతలే, దానికి వేరు వేరు. ముందు పొడుగువన్నీ పొట్టివిగా మార్చమన్నాను. ఇవన్నీ అయ్యాక ఇంకో ఎర్రక్షరాల తప్పు వచ్చింది. రెండో ముక్క కావాలంటావు, ఇక్కడ రెండో ముక్కే లేదు అని దాని ఫిర్యాదు. ఎక్కడో గీత లేని లైన్ ఉందన్నమాట.

అబ్బాయికి మెసేజ్ పెట్టాను. క్లాసులో ఉన్నాడేమో, ఒక్క ముక్కలో జవాబిచ్చాడు. "గీత లేకపోతే కంటిన్యూ అను."

కంటిన్యూ అంటే కొనసాగించు అనే కదా మనకి తెలిసింది. ఇక్కడ దానర్థం, ఈ లైన్ వదిలేసి తర్వాతిదానికి పో అని. అలాగే రాశాను. నడిచింది. ఒక్క తప్పూ లేదు. కళ్ళు మూసి తెరిచేలోపు అంతా సిద్ధం. 'కుదురు: కుండ దొర్లకుండా కింద పెట్టే చుట్ట'. 'తలుగు: పశువును కట్టే తాడు'. 'గోలెం: గొడ్లకి కుడితి పోసే తొట్టి'. చక్కగా, బారులు తీరి. సార్ట్ అనే మాట చేరిస్తే అకారాది క్రమంలో కూడా పేర్చింది. చెప్పొద్దూ, మావారిని కుర్చీలోంచి లేపి మరీ చూపించాను.

ఆయన చూసి బాగుందని టీవీకి వెళ్ళిపోయారు. నేను క కారంలో మాటలు ఒక్కోటీ చదువుకుంటూ కూర్చున్నాను. అక్కడ తేడా కనిపించింది. కళ్ళం ముందు, కవ్వం వెనక ఉన్నాయి.

య ర ల వ శ ష స హ ళ. నాకు నేర్పిన వరస అదీ. వ ముందు, ళ ఎక్కడో చివర. కవ్వం తర్వాతే కళ్ళం రావాలి. అబ్బాయిని అడిగితే కాసేపు వెతికి చెప్పాడు. కంప్యూటర్‌లో ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఉంటుంది, సార్ట్ అంటే ఆ నంబర్ల వరస. మన దేశపు లిపులన్నిటినీ ఒకే మూసలో అమర్చినప్పుడు ల పక్కనే ళ పెట్టారట. అందుకని వ కంటే ళ ముందుంది.

"ఏ వరసైతే ఏంటమ్మా, అమ్మమ్మకి తెలుస్తుందా?" అన్నాడు.

"అమ్మమ్మకే తెలుస్తుంది. నాకు నేర్పిందే ఆవిడ."

దీనికో ఉపాయం వాడే చెప్పాడు. మనకి కావలసిన వరసలో అక్షరాలన్నీ, గుణింతం గుర్తులతో సహా, ఒకచోట టైపు చేసి ఇచ్చి, ఈ వరసలో ఏది ఎన్నోదో చూసి పేర్చు అనొచ్చట. ఆ రాత్రి కూర్చుని అక్షరమాల మొత్తం టైపు చేశాను. ఎన్నాళ్ళైంది అలా మొదటి నుంచి చివరిదాకా రాసి! ళ దగ్గరికొచ్చాక ఱ గుర్తొచ్చింది, దాన్నీ మరిచిపోకుండా చివర కూర్చోబెట్టాను. తర్వాత కవ్వం, దాని వెనక కళ్ళం, ఎక్కడివక్కడ.

కళ్ళం దగ్గర మాత్రం ఏదో వెలితిగా ఉంది. 'కళ్ళం: పంట నూర్చే చోటు'. ఇంతేనా? కళ్ళం గురించి అమ్మ ఇంకేదో చెప్పింది, నేను రాశాను కూడా. చుక్కల సంగతి. ఫైలంతా వెతికాను, లేదు. ఫోన్‌లో చూస్తే ఉంది.

"కళ్ళంలో కాపలా పడుకున్నప్పుడు చుక్కల్ని చూసి ఎంత పొద్దుపోయిందో చెప్పేవాడు మా నాన్న."

దానికి గీత లేదు.

అప్పుడు లెక్కపెట్టించాను. లోపలికి వెళ్ళినవి 1140. బయటికి వచ్చినవి 1093. దండెం మీంచి తీసిన బట్టలు కూడా లెక్క చూసుకునే మనిషిని, ఇక్కడ చూసుకోలేదు. తప్పు లేకుండా నడిస్తే అంతా వచ్చేసినట్టే అనుకున్నాను. 47 లైన్లు వదిలెయ్యమని నేనే చెప్పాను, అది నోరెత్తకుండా వదిలేసింది.

కంటిన్యూ తీసేసి, గీత లేనివన్నీ ఇంకో ఫైలులో రాయమన్నాను. దానికి 'గీత లేనివి' అని పేరు పెట్టాను. తెరిచి చూస్తే అందులో 29 నా టైపింగ్ తొందర. అర్థం మధ్యలో ఎంటర్ నొక్కేసి, సగం వాక్యం కింది లైన్లో పడింది. మిగతా 18 అలాంటివి కావు. అమ్మ అర్థం చెప్పకుండా ఇంకేదో చెప్పినవి. అర్థం లేనప్పుడు గీత ఎక్కడ పెడతాను?

"గిలక మోత ఆగిందంటే మీ నాన్న స్నానం అయిందన్నమాట. కంచం పెట్టేదాన్ని."

"మానిక నిండా కొలిచి, పైన గుప్పెడు వేసి ఇవ్వాలి. మా అత్తగారు తలకొట్టి కొలిచేది."

"తలుగు తెంచుకుని గేదె పారిపోయిన రోజు నువ్వు పుట్టావు."

ఈ చివరిది నేనే రాశానంటే నమ్మలేకపోయాను. ఏ రోజు చెప్పిందో తేదీ లేదు. ఎప్పుడు విన్నానో గుర్తులేదు. ఏ కూర మాడుతుంటే హడావిడిగా రాసి పడేశానో. అమ్మకి మరుపు అని బాధపడుతున్నాను కానీ, నా సంగతేంటి మరి?

అబ్బాయి సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు ఇది చూసి, "సింపుల్ అమ్మా, గీత లేని లైన్‌ని దాని పై లైన్‌కి అతికించెయ్యమంటే సరి" అన్నాడు. 29 లైన్లకి అది సరిగ్గా సరిపోయింది. ఆ 18కి సరిపోలేదు. తలుగు లైన్‌కి పైన చూరు ఉంది మరి. 'చూరు: ఇంటికప్పు గోడ దాటి కిందికి వాలే అంచు తలుగు తెంచుకుని గేదె పారిపోయిన రోజు నువ్వు పుట్టావు' అని వచ్చింది. ఇద్దరం పడీ పడీ నవ్వాం. నవ్వాక వాడే అన్నాడు, "ఇవి ప్రోగ్రామ్‌కి తెలీవమ్మా, నువ్వే చూసుకోవాలి" అని.

ఇంకో మాటన్నాడు. కుదురు నాలుగుసార్లు ఉంది, డూప్లికేట్లు తీసేద్దామా అని. చదివి చూపించాను. ఒకసారి కుండ కింద పెట్టేది అంది. ఒకసారి నెత్తిన బిందె కింద పెట్టుకునే గుడ్డ చుట్ట అంది. ఒకసారి వరి నారు కుదురు. ఇంకోసారి "మీ అన్నయ్యకి కుదురు లేదు" అని తిట్టింది, అదీ రాశాను. వీటిలో ఏది డూప్లికేటో చెప్పమన్నాను. మాట్లాడలేదు.

ఆ సాయంత్రమే అమ్మకి ఫోన్ చేసి అడిగాను. "అమ్మా, నేను పుట్టిన రోజు గేదె పారిపోయిందా?"

"పారిపోవడమా! చూలు గేదె. తలుగు పుటుక్కుమనిపించి కాలవ గట్టు పట్టింది. మీ నాన్న దాని వెనకాల పరిగెత్తారు. ఇక్కడ నాకేమో నొప్పులు. ఆయన గేదెని తోలుకుని చీకటి పడ్డాక వచ్చేసరికి మంత్రసాని వాకిట్లో కాళ్ళు కడుక్కుంటోంది. ఆడపిల్ల అని చెప్తే, ఆయనకి గేదె గురించి చెప్తోందనుకుని, 'అప్పుడే ఈనిందా? నేనింకా కట్టెయ్యనేలేదే' అన్నారు."

అంత నవ్వు అమ్మ గొంతులో ఎన్నాళ్ళకి విన్నానో. అబ్బాయి స్పీకర్‌లో వింటున్నాడు. "అమ్మమ్మా, మళ్ళీ చెప్పు" అన్నాడు. మళ్ళీ చెప్పింది. రెండోసారి మంత్రసాని పేరు కూడా చెప్పింది.

పది రోజుల తర్వాత అన్నయ్య వాళ్ళ కోడలికి వినిపిద్దామని, ఫోన్‌లో ఆ కథ మళ్ళీ ఎత్తాను. "ఏ గేదే?" అంది అమ్మ. నేను ఇంకేం గుచ్చలేదు. నేనే చెప్పాను మొత్తం. ఊఁ కొడుతూ వింది. చివర గేదె ఈనిందా అన్న మాట దగ్గర నవ్వింది, కొత్తగా విన్నట్టు.

అందుకని ఇప్పుడు పద్ధతి మార్చాను. కొత్త మాటలకోసం ఎదురుచూడటం తగ్గించి, సాయంత్రం ఆరున్నరకి 'గీత లేనివి' ఫైలులోంచి రోజుకొక లైన్ చదివి వినిపిస్తున్నాను. కొన్నిటికి అమ్మ అందుకుంటుంది. గిలక మోత సంగతి చదివితే ఆ నుయ్యి ఎవరు తవ్వారో, నీళ్ళు ఎన్ని మట్లకి పడ్డాయో కూడా చెప్పింది. మానిక లైన్ చదివితే కొలతలన్నీ ఏకరువు పెట్టింది. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. ఒక్కటీ తప్పలేదు. ఆ మాట అంటున్నప్పుడు గొంతు చిన్నపిల్లలు ఎక్కాలు అప్పజెప్పినట్టుంది. చుక్కల లైన్ చదివితే మాత్రం "అవునా, మా నాన్నా?" అంది. ఏ చుక్కలు చూసేవారో, ఎలా లెక్కపెట్టేవారో ఇక నాకు తెలియదు. ఆ రోజే అడగాల్సింది.

పుస్తకం ప్రింటు తీయించాను. 18 సైజు అక్షరాలు, స్పైరల్ బైండింగ్. ప్రోగ్రామ్ పేర్చిన మాటలు ముందు, గీత లేని పద్దెనిమిదీ చివర, ఒక్కో పేజీకి ఒక్కోటి. కింద బోలెడు చోటు వదిలాను. ఆ పేజీలు పైథాన్ చేయలేదు, నేనే చేశాను. మావారు చూసి "ఇంత ఖాళీ ఎందుకు, కాగితం దండగ" అన్నారు. ఉగాదికి ఊరు వెళ్ళినప్పుడు అమ్మ చేతిలో పెట్టాను. కళ్ళజోడు పెట్టుకుని, వేలు పెట్టి, క కారం తీసింది. కవ్వం చదివింది. కళ్ళం చదివింది. వరస సంగతి ఏమీ అనలేదు. సరిగ్గా ఉంటే ఎవరు మాత్రం ఏమంటారు?

నేను చివరి పేజీ తీశాను. అందులో ఇలా ఉంది: "పొంత సంగతి ఇప్పుడు అడక్కు."

పొంత అంటే పొయ్యి పక్కన వేణ్ణీళ్ళ కోసం పెట్టే కుండ. అర్థం నాకు తెలుసు, అది వేరే లైన్లో గీతతో సహా ఉంది. కానీ దాని సంగతేమిటో, ఎందుకు అడగొద్దందో, ఆ రోజు నేనెందుకు ఊరుకున్నానో నాకు తెలియదు.

"అమ్మా, ఇదేంటి? పొంత సంగతేంటి?" అన్నాను.

అమ్మ ఆ పేజీ దగ్గరికి తీసుకుని చదివింది. ఇంకోసారి చదివింది. వంటింట్లో వదిన గిన్నెలు సర్దుతోంది. అమ్మ అటు చూసి, గొంతు తగ్గించి, "ఇప్పుడూ అడక్కు" అంది.

గుర్తుండే అందో, లేక కాగితం మీద ఉన్న మాటకి జవాబిచ్చిందో. నేను తలూపాను. పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుని, "లే, అన్నాల వేళైంది. కంచాలు పెట్టు" అంది.